రేకుగోడ చప్పుడు

"ఆ ముసలాడు మళ్ళీ వచ్చాడు," అంది ఐసిల్డా. టీ కప్పులు కింద పెట్టింది.

"పాట వినడానికి వచ్చుంటాడులే అమ్మా," అన్నాడు కొడుకు కెమార్.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని ఆ ఇరుకు వాడలో, వాళ్ళ వెనకగదే స్టూడియో. గోడలకు పాత పరుపులు బిగించి కెమార్ తన మొదటి ఆల్బమ్ పాడుతున్నాడు. ఒక్క ఆఖరి పాట మిగిలింది.

ఆ పాటంటేనే ఐసిల్డాకు గుండెదడ.

కట్లాస్ అనే మరో గాయకుణ్ణి అందులో పేరు పెట్టి పిలిచాడు కెమార్, దమ్ముంటే మా గేటు దాకా రారా అని.

"డాన్స్‌హాల్ పాటలంటే అంతేనమ్మా! వాడు నన్ను తిడతాడు, నేను వాణ్ణి తిడతాను. జనానికి సరదా."

"మీకు సరదాయే నాయనా. వాడి వెనక తిరిగే కుర్రాళ్ళ చేతుల్లో ఉండేవి మైకులు కావు."

"నీకు ఇంటి కప్పు మీద మామిడికాయ పడ్డా తుపాకీ చప్పుడే!"

కెమార్‌తో పనిచేసే కుర్రాళ్ళంతా నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. పొయ్యి మీది వేడినీళ్ళ గిన్నె పట్టుకుని బయటికి నడిచింది.

ముసలాయన గేటుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. చూపంతా వీధి మలుపు మీదే. పాట కోసం వచ్చినవాడైతే ఇటు తిరగాలి కదా?

"ఎవరయ్యా నువ్వు? రోజూ ఇక్కడేం పని?"

"ఆ ఆఖరి పాట ఆపించమ్మా," అన్నాడు మెల్లగా. "నీ బిడ్డకు మంచిది కాదు."

ఇది బెదిరింపే!

"కట్లాస్ పంపాడా నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"పో ఇక్కణ్ణుంచి! కదలకపోతే ఈ నీళ్ళు నీ ముఖాన గుమ్మరిస్తాను!"

ఆయన గిన్నె వంకా, ఆమె వంకా చూశాడు. రోడ్డు దాటి అవతలి కొట్టు అరుగు మీద కూర్చున్నాడు.

ఐసిల్డా గేటు గడియ వేసి, గండం గడిచిందనుకుంది.

పొద్దు వాలుతుండగా ఆఖరి పాట మొదలైంది. సగంలో ఉండగా బయట రేకుగోడ దభదభమని మోగింది. ఎవరో రెండు చేతులా బాదుతున్నారు.

పాట నచ్చితే ఆ వాడలో చప్పట్లు కొట్టరు. దొరికిన రేకుగోడనల్లా బాదుతారు.

"వీధి మెచ్చింది!" అని ఎగిరారు కుర్రాళ్ళు. "మళ్ళీ మొదటినుంచీ పాడరా!"

"ఆ అభిమాని ఎవరో చూడనివ్వండి ముందు," అంటూ కెమార్ గేటు వైపు పరిగెత్తాడు.

"వెళ్ళకురా!" అని కేక పెట్టింది ఐసిల్డా.

అప్పటికే గడియ తీశాడు.

మలుపులోంచి మోటారుసైకిలు మీద ఇద్దరు కుర్రాళ్ళు దూసుకొస్తున్నారు. రేకులు బాదుతున్న ముసలాయన ఒక్క గెంతున వచ్చి, కెమార్‌ను లోపలికి తోసి, గేటుకు అడ్డంగా చేతులు చాచాడు.

"నేనురా! ఆగండి, నేను!"

మసక వెలుతురులో వాళ్ళకు ఆయన ముఖం ఆనలేదు.

తుపాకీ మోగింది.

మర్నాడు ఆసుపత్రి శవాల గదిలో ఆయన్ను గుర్తుపట్టినవాళ్ళు లేరు. ఐసిల్డా తన పెనిమిటి చర్చికి వేసుకెళ్ళిన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తెచ్చింది.

"నా అన్నవాళ్ళు లేరు కాబోలమ్మా," అన్నాడు కెమార్.

"మనం లేమూ? మనమే సాగనంపుదాం."

అంతలో ఒకతను తడబడుతూ లోపలికొచ్చాడు. ఊరంతా పోస్టర్ల మీద కనిపించే ముఖమే. ఐసిల్డా చప్పున కొడుకును తన వెనక్కి లాక్కుంది.

కట్లాస్ వాళ్ళ వంక చూడనే లేదు.

"ఎవరికోసం వచ్చావు?" అని అడిగాడు అక్కడి ఉద్యోగి.

"మా నాన్న కోసం," అన్నాడు కట్లాస్.