సూదక్క గ్యారంటీ

“పులి వద్దు, గద్ద వద్దు, గులాబీ వద్దు. ఇక మిగిలింది నా మొహమే మాస్టారూ, అది వేసెయ్యనా?” అంది సూదక్క, డిజైన్ల ఆల్బం మూసేస్తూ.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన నవ్వాడు. డెబ్బై దాటిన మనిషి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఈ వయసులో ఆయనకి టాటూ మీద మోజు ఎందుకు పుట్టిందో సూదక్కకి అంతుబట్టలేదు. అయినా గబుక్కున అడిగెయ్యలేదు. ఆ వీధిలో ఆమెకి సూదక్క అన్న పేరు ఊరికే రాలేదు. ఆమె చేత్తో వేసింది చెదరదు, వెలిసిపోదు. ఆ పేరే ఆమె ఆస్తి.

“బొమ్మలొద్దమ్మా. ఛాతీ మీద ఒక్క మాట, ‘భయపడకండి’ అని. ఎన్నాళ్ళుంటుందో ముందు చెప్పు.”

“సన్నగా, ముద్దుగా వేయించుకున్నారనుకోండి, కొన్నేళ్ళకి సిరా పాకి ఒంపులన్నీ పూడిపోతాయి. గీత లావుగా, మధ్యలో ఖాళీ వదిలి వేస్తే మీరున్నంత కాలం నాది గ్యారంటీ.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఎవరు చూడొచ్చారండీ!”

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. “మందు కలిపిన నీళ్ళలో నానితేనో?”

ఓహో, ఈత కొలను అన్నమాట, అనుకుంది సూదక్క. “పుండు మానాక ఎంత ఈదినా ఏం కాదు.”

“నెలల తరబడి నానితే?”

“కొలనులోనే కాపురం పెడతారా ఏంటి?”

“పెట్టినా పెడతాను,” అన్నాడు ఆయన తాపీగా.

“పెట్టుకోండి, నాకేం భయం! సిరా ఉండేది పై తోలులో కాదు, దాని కింద. నీళ్ళు దాన్నేం పీకుతాయి? నేను చెబుతున్నాగా.”

ఆ ధీమా మాస్టారికి నచ్చినట్టుంది, చొక్కా విప్పాడు. సూదక్క మాటని కాగితం మీద దిద్ది, ఛాతీకి అడ్డంగా అచ్చు వేసి, ఆయన్ని అద్దం ముందు నిలబెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపి, వెళ్ళి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు.

“నువ్వొచ్చి నా కుడి పక్కన నిలబడు. అక్కణ్ణుంచి తిన్నగా చదవగలగాలి. మెడ దగ్గర మొదలై పొట్ట వైపు దిగాలి.”

“అయ్యయ్యో! మీరు లేచి నిలబడితే మాట జారి కింద పడుతున్నట్టుంటుంది. చూసినవాళ్ళు నన్ను తిట్టిపోస్తారు.”

“నేను నిలబడి ఉండగా దాన్నెవరూ చదవక్కర్లేదు తల్లీ. ఇంకోటి, సరిగ్గా నడిమధ్యన వద్దు. రెండు వేళ్ళు ఎడమకి జరుపు.”

పడుకున్నప్పుడు చదవాలి, పైగా గుండె వైపు ఉండాలి. సూదక్క బుర్రలో లైటు వెలిగింది.

“ఇంట్లో అమ్మగారి కోసమా మాస్టారూ?”

“ఆవిడ ఏనాడో పోయింది. ఉండుంటే మనిద్దర్నీ కలిపి దులిపేసేది.”

అయితే కొలను దగ్గర ఎవరో పరిచయమయ్యారు! సూదక్క నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. పోనీలే పాపం, ఒంటరి మనిషి, అనుకుంది. పాత అచ్చు తుడిచి, ఆయన చెప్పినట్టే కొత్తది వేసి, మిషను అందుకుంది.

పెద్ద వయసు చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. సూది లోతుగా దిగితే సిరా పాకిపోతుంది, పైపైన పోతే నిలవదు. ఎడమచేత్తో చర్మాన్ని బిగలాగి, ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం దించింది.

“నొప్పిగా ఉందా?”

“నా నొప్పి సంగతి వదిలెయ్. అక్షరం చెదరకుండా చూడు, అంతే చాలు. మావాడు కాలేజీలో చేరిన మొదటి రోజే హడలిపోయి ఇంటికొచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ పూట ఈ ఒక్క మాట చెప్పే దిక్కుంటే నిలబడేవాడు.”

“ఇప్పుడేం చేస్తున్నాడు?”

“కార్లమ్ముతున్నాడు. హాయిగా ఉన్నాడు. నాకే ఇంకా మనసులో పీకుతూ ఉంటుంది. ఇంకెవరి బిడ్డా అలా వెనక్కి రాకూడదమ్మా.”

కొడుకు బెంగకీ ఈ ప్రేమ వ్యవహారానికీ లంకె ఏంటో సూదక్కకి తెలియలేదు. పని ముగించి, తుడిచి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించింది. మాస్టారు లేవకుండా, “ఆ పక్కన నిలబడి ఒకసారి చదువు,” అన్నాడు.

“భయపడకండి,” అని చదివింది. అక్షరాలు నల్లగా, నిండుగా, ఎవరో పక్కనుండి ధైర్యం చెబుతున్నట్టున్నాయి. తన పనికి తనే మురిసిపోయింది. “దీనికి తిరుగులేదు మాస్టారూ! ఇక దాచకండి. ఎవరావిడ?”

“ఆవిడ కాదు, వాళ్ళు. పదిమంది దాకా ఉంటారు.”

“పదిమందా!” సూదక్క చేతిలో గుడ్డ జారిపోయింది.

మాస్టారు లేచి గుండీలు పెట్టుకుంటూ పకపకా నవ్వాడు.

“నా శవాన్ని కోసి చదువుకోబోయే డాక్టరు పిల్లలమ్మా.”