తపాలా బోగీ

"ఇది కూడా కాదు బాబాయిగారూ," అంటూ ఆవిడ బోగీని బల్ల మీద పెట్టేసింది.

ఇది మూడోది. రైళ్ళాయనకి తల కొట్టేసినట్టయింది.

వీధి వీధంతా ఆయన్ని రైళ్ళాయన అనే పిలుస్తుంది. పాత బొమ్మరైళ్ళు కొంటాడు, బాగుచేస్తాడు, అమ్ముతాడు. కొక్కెం వంపు చూసి బోగీ వయసు చెప్పేస్తాడు. రంగు మీద గోరు పెట్టి, అది కంపెనీ పూతో తర్వాతెవరో పూసిందో తేల్చేస్తాడు. అంతటి మనిషి ఏరికోరి తెప్పించిన బోగీలను ఈవిడ ఒకదాని తర్వాత ఒకటి పక్కన పెట్టేస్తుంటే ఎలా ఉంటుంది మరి!

ఆవిడకు కావాల్సింది రేకుతో చేసిన ఆకుపచ్చ తపాలా బోగీ. ఇంజనూ, మిగతా బోగీలూ ఇంట్లో భద్రంగా ఉన్నాయట. ఇల్లు మారుతున్నప్పుడు ఈ ఒక్కటీ పాత సామాన్లలో కలిసి అమ్ముడైపోయింది. అప్పట్నుంచి ఊళ్ళో ఏ పాత బొమ్మల కొట్టునూ ఆవిడ వదల్లేదు.

చూసే తీరు కూడా వింతగానే ఉంటుంది. ముందు తిరగేసి చక్రాలు చూస్తుంది. తర్వాత కళ్ళు మూసుకుని పైకప్పు అంచు వెంట బొటనవేలు నడుపుతుంది. అంతే, పెదవి విరిచేస్తుంది. ఆయన భూతద్దం పెట్టి వెతికినా ఒక్క వంక దొరకని బోగీలవి.

"పోనీ, గుర్తులేంటో చెప్పమ్మా. వెతకడం నాకూ తేలికవుతుంది."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "చెప్పనండీ, ఏమీ అనుకోకండి. ఇదివరకు ఒకాయనకి చెప్తే, చెప్పింది చెప్పినట్టు తయారుచేసి నా చేతిలో పెట్టాడు. ఎంత సంబరపడ్డానో! ఇంటికెళ్ళి చూసుకుంటే అది కాదు."

రైళ్ళాయన నిట్టూర్చాడు. కొత్త సరుకుకి పాత రంగు పూసి అంటగట్టే ఘనులు ఈ వ్యాపారంలో ఆయనకి తెలియనివాళ్ళా?

"నా దగ్గర ఆ వేషాలు ఉండవమ్మా."

"అందుకే కదండీ మీ దగ్గరికొస్తున్నా."

ఆ మాటకి ఆయన కరిగిపోయాడు. భార్య పోయాక ఆయనతో అంత నమ్మకంగా మాట్లాడినవాళ్ళు లేరు. అసలు కొట్టు తలుపు తోసేవాళ్ళే కరువయ్యారు. ఈవిడ నోట 'ఇదే' అన్న మాట ఒక్కసారి వింటే చాలు, ఇక కొట్టు మూసేసినా బెంగలేదు అనిపించింది.

చలికాలం వెళ్ళిపోతుండగా మరో బోగీ దొరికింది, పాత ఇనుము కొట్లో తుప్పు మేకుల డబ్బా అడుగున. కొక్కెం పాతదే. ఆకుపచ్చ పూత కంపెనీదే. ఒక చక్రం మాత్రం ఏదో వేరే బోగీది. పైకప్పు అంచున పక్కపక్కనే రెండు బుల్లి సొట్టలు.

ఆవిడ వేలు వెళ్ళేది సరిగ్గా అక్కడికే! రైళ్ళాయనకి విషయం అర్థమైపోయింది. కంటికి ఆనని సొట్టను కూడా వేలితో పట్టేసే మనిషి ఆవిడ. ఈ సొట్టలతో చూపిస్తే ఇంకేమన్నా ఉందా!

వేలితో గట్టిగా నొక్కితే చాలు, లోపలికి పోయేంత పల్చటి రేకది. సొట్ట తీయడం పెద్ద పని కాదు, పూత చెదరకుండా తీయడమే గగనం. ఇనుము తగిలితే రంగు పెచ్చులూడుతుంది. బాగా అరిగి నున్నబడ్డ గట్టి చెక్కతో, లోపలినుంచి మెల్లమెల్లగా నెట్టాలి. ఇంట్లో అలాంటి చెక్క ఒక్కటే ఉంది. భార్య బతికున్నన్నాళ్ళూ వంటకి వాడిన గరిటె. భార్య తగిలించిన మేకు నుంచి ఆయన దాన్ని ఇంతవరకూ కదపలేదు.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచున్నాడు. "ఏమనుకోకేం," అని గరిటెతోనే చెప్పి కాడ కోసేశాడు. కోస్తున్నంతసేపూ ఆయనకి ఏడుపు ఆగలేదు.

కొసను గుండ్రంగా అరగదీసి, ఊపిరి బిగబట్టి పని ముగించాడు. రెండు సొట్టలూ మాయమయ్యాయి. పూత చెక్కుచెదరలేదు. చక్రానికి జత మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

కబురందగానే ఆవిడ పరుగున వచ్చింది. బోగీ తిరగేసింది. చక్రం చూసిందో లేదో, కుర్చీలో కూలబడిపోయింది.

"ఇదే! ఇదేనండీ! ఈ చక్రం మా ఆయన వేసిందే. జత కుదరక బోగీ కుంటుతుంటే ఎంత నవ్వుకున్నామో!"

అలా అంటూనే ఏడుస్తోంది. రైళ్ళాయనకి ప్రాణం లేచొచ్చింది. గరిటె పోతే పోయిందిలే అనుకున్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. బొటనవేలు పైకప్పు అంచు వెంట నడిచింది. ఆ కొసదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"ఇక్కడ..." అంది కళ్ళు తెరిచి.

"సొట్టలేనా అమ్మా?" ఆయన ముఖం వెలిగిపోయింది. "రెండుండేవి. చుక్క రంగు వెయ్యకుండా తీసేశాను. ఇక ఎవరొచ్చి చూసినా జాడ కూడా దొరకదు."

ఆవిడ బోగీని రెండు చేతులా పట్టుకుంది. గోడకి ఆనుకుని మురిసిపోతున్న ఆ ముసలాయన్ని చూసింది.

ఆయన్ని నొప్పించకూడదన్నట్టు మెల్లగా, "అవి మా బాబు పంటిగాట్లు బాబాయిగారూ, ఆ రెండు పళ్ళూ వచ్చేదాకానే బతికాడు వాడు," అంది.