సొంత టికెట్టు

"ఈ టికెట్టు సంగతి ఎత్తొద్దులే మహేశ్వరప్పా," అన్నాడు జయరాజ్. "దీన్ని ఎవురడుగుతారు?"

ఉమామహేశ్వర కుర్చీలోంచి కదల్లేదు. రిటర్నులో చూపించాల్సిందేనన్నాడు.

కర్నూలు బస్టాండు వెనక మేడ మీద జయరాజ్‌ది చిన్న ఆఫీసు. జూలై వచ్చిందంటే పన్ను రిటర్నులు వేయించుకునేవాళ్లు మెట్ల దాకా నిలబడతారు. ఆదాయం ఎట్లా తగ్గించాలని అడిగేవాళ్లే అందరూ. ఎవరికీ తెలియని ఆదాయాన్ని రాయమని పట్టుబట్టిన మనిషిని జయరాజ్ చూడటం ఇదే మొదలు. ఉమామహేశ్వర ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తా. ఏటా వస్తాడు, నోరు మెదపకుండా పని ముగించుకుని పోతాడు. ఈసారి మనిషి సగమయ్యాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది.

జయరాజ్ మళ్లీ అడిగితే తలవంచుకుని చెప్పుకొచ్చాడు.

జనవరిలో ఊరి బయట మైదానంలో పెద్ద పాటకచేరీ పెట్టారు. ఉమామహేశ్వర తనకోసం ఒక టికెట్టు కొనుక్కున్నాడు. తీరా ఆ రోజే కాలేజీలో పరీక్షల పని పడింది. పోవడం కుదరదని తేలాక, అమ్ముతానని ఫోన్లో ప్రకటన పెట్టాడు. అప్పటికే టికెట్లన్నీ అయిపోయాయి. కొన్నదానికి మూడింతలు చెప్పినా ఎమ్మిగనూరు నుంచి భువన అనే డిగ్రీ పిల్ల బేరమాడకుండా డబ్బు పంపింది. టికెట్టంటే ఫోన్లో వచ్చే బొమ్మే కదా, దాన్ని ఆ పిల్ల ఫోనుకు పంపాడు. "శానా మేలు చేసినావన్నా," అని ఆమె గొంతు రికార్డు చేసి పంపింది.

ఆ సాయంత్రం గేటు దగ్గర తొక్కిసలాట జరిగింది. టికెట్లు చూసే మిషన్ కొందరి టికెట్లు చెల్లవంది. డబ్బు పోసి కొన్నవాళ్లు కదిలేది లేదని అక్కడే నిలబడ్డారు. వెనకనుంచి జనం తోశారు. ఇనుప కంచె ముందున్నవాళ్ల మీద పడింది. చనిపోయిన ఐదుగురిలో భువన ఒకతె.

పేపర్లో ఆ పిల్ల ఫొటో చూసినప్పటినుంచి ఉమామహేశ్వరకు ముద్ద దిగలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. భార్య అడిగితే కడుపులో మంట అనేవాడు. ఆఖరికి ఉండబట్టలేక ఒకరోజు ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

నేతగాళ్ల వీధిలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. లోపల మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. భువన తల్లి రామేశ్వరమ్మ గడపలో కూర్చుని ఉంది. టికెట్టు అమ్మింది తానేనని చెప్పి, అతడు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. డబ్బున్న కవరు ముందు పెట్టాడు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"నీ తప్పేముండాది నాయనా? నీకాడుండేది నువ్వు అమ్మినావు. పాపే ఇష్టపడి కొనుక్కునింది. గేటుకాడ ఆ పాడు మిషనే చెడిపోయిండెనంట."

పోలీసులు వచ్చారా, ఏమడిగారు, పాప ఫోను ఎక్కడుందని అతడు ఒక్కొక్కటే అడిగాడు. ఒకసారి వచ్చి పేరు రాసుకుని పోయారంది. ఫోను కాళ్ల కింద నలిగి పొడిపొడి అయిందంది. అందులో ఉన్న పాప మాటలు, ఫొటోలు అన్నీ దాంతోనే పోయాయంది. అతడు రెండు చేతుల్లో ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చాడు. చివరికి ఆమే లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇదంతా విన్నాక జయరాజ్ గొంతు తగ్గింది. కంప్యూటరు దగ్గరికి జరిగాడు. సొంతానికి కొన్న టికెట్టు అమ్ముకుంటే వచ్చిన లాభం మటుకు ఆదాయంలో చూపితే చాలన్నాడు. అదే పనిగా కొని అమ్మేవాళ్లదైతే వ్యాపారం కింద వేరేగా రాయాలన్నాడు.

"ఒకటేనా?"

"ఒకటే అన్నా. నాకోసం కొనుక్కున్నదే. అట్లనే రాయి."

జయరాజ్ అట్లాగే రాసి, రిటర్ను కాగితం తీసి ఇచ్చాడు. పడిన కాస్త పన్నును ఉమామహేశ్వర అక్కడికక్కడే కట్టేశాడు. రేపు ఎవరైనా అడిగితే ఈ కాగితం చూపించవచ్చా, దీన్ని ఒప్పుకుంటారా అని రెండుమూడుసార్లు అడిగాడు. సర్కారు లెక్కలో పడ్డాక ఎవరు కాదంటారని జయరాజ్ ధైర్యం చెప్పాడు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు. బయట జనం ఎదురుచూస్తున్నా మెట్లు దిగి వీధి దాకా వచ్చాడు.

"నీలాంటోడు ఉండడప్పా," అంటూ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంగ మనసులో పెట్టుకోవాక. పోయి కడుపునిండా తిను."

ఉమామహేశ్వర కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. బస్టాండు పక్క మెస్సులోకి పోయి, ఇన్ని నెలల తర్వాత మొదటిసారి మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

గేటు దగ్గర మిషన్ చెడిపోలేదు. భువనకు అమ్మిన ఆ ఒక్క టికెట్టునే అతడు ఇంకో ఫోను నుంచి, ఇంకో పేరుతో, మరో అరవై మందికి అమ్మాడు.