నీళ్లు తాగే కారు

“మళ్లీ మరిగింది! రిపేరంటే ఇదేనా, అడుగు నీ కూతుర్ని!”

దిగుతూనే తండ్రి కారు తలుపు ధడాలున వేశాడు. షెడ్డులో ఉన్న కస్టమర్లు తలలెత్తి చూశారు. కూతురికి ఒళ్లు మండిపోయింది. చేతిలో స్పానర్ బల్ల మీద విసిరికొట్టి కారు దగ్గరికి వచ్చింది.

స్టీరింగ్ ముందు కూర్చున్న తల్లి నెయిల్ కట్టర్‌లోని రేకు విప్పి తాపీగా గోళ్లు అరగదీసుకుంటోంది. “అదృష్టం బాగుండి మీ వీధి మలుపులోనే మరిగిందిలే” అంది.

“కారు తగలబడుతుంటే గోళ్ల సింగారమేమిటే!” తండ్రి ఆమె మీద కూడా విరుచుకుపడ్డాడు.

పాతబడినా దర్జా తగ్గని కారు అది. తోలు సీట్లు, చెక్క పలకల డాష్‌బోర్డు. ఎవరో పెద్దమనిషి వదిలించుకుంటే తండ్రి తెచ్చుకుని బోల్టు బోల్టూ విప్పి బాగుచేశాడు. కూతురు పని నేర్చుకుంది దాని మీదే. ఇద్దరికీ పనిముట్లు అందించింది తల్లి. తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు కూతురు కస్టమర్ ముందే “బ్రేకుల పని నాన్నకివ్వకండి” అనేసింది. ఆయన తన షెడ్డుకు తాళం వేశాడు, ఆమెతో మాటలకు కూడా. ఆమె ఇక్కడ సొంత షెడ్డు పెట్టుకుంది. ఈ కారు సంగతి తెలిసిన మెకానిక్ ఊళ్లో ఇంకొకరుంటే ఆయన ఈ గడప తొక్కేవాడే కాదు.

“ఈసారి బాగవకపోతే తుక్కుకి వేసేస్తానని చెప్పు. ఈ షెడ్డు మొహం చూసే ఖర్మ తప్పుతుంది.”

బాగుచేయకపోతే కారు ఉండదు. బాగుచేస్తే ఆయన ఇక రాడు. ఎటు చూసినా నష్టం తనకే అనుకుంది కూతురు. ఆ ఉక్రోషంతోనే, ఇంజన్ చల్లారాక బానెట్ లోపలికి వంగింది.

రేడియేటర్ ఇదివరకే కడిగింది. థర్మోస్టాట్ మార్చింది. నీళ్ల పంపు కొత్తది. ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. కింద చుక్క పడదు, వెనక తెల్లపొగ రాదు, ఇంజన్ ఆయిల్‌లో నీళ్లు కలవలేదు. అయినా ఇంజన్‌ను చల్లబరచడానికి ట్యాంకులో పోసిన పచ్చటి కూలెంట్ మాత్రం వచ్చిన ప్రతిసారీ అడుగంటి ఉంటోంది. తాగేస్తోందా ఇది?

గొట్టాల్లో చిక్కుకున్న గాలిని బయటికి వదలడానికి పైన చిన్న ప్లాస్టిక్ మర ఉంటుంది. దాని తల మీద అడ్డంగా ఒక గాటు. ఆమె వేలు యథాలాపంగా దానికి తగిలింది. మర కదిలింది.

కూలెంట్ నింపేముందు ఎలాగూ విప్పాల్సిన మరే కదా అని, అది బిగుతుగా ఉందో లేదో ఆమె ఇన్నాళ్లూ చూడనే లేదు. అక్కడినుంచి చిమ్మిన కూలెంట్ వేడి ఇంజన్ మీదే ఆవిరైపోతుంటే కింద చుక్కెలా కనిపిస్తుంది? తన తెలివికి తనకే చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

“అమ్మా, ఈ మర ఎవరు వదులు చేశారో అడుగు.”

“ఇంకెవరు! బిగించకుండా పంపింది నీ కూతురే.”

“నేను బిగించే పంపాను. వణికే చేతులతో ఇంట్లో కెలికిందెవరో చెప్పమను!”

తల్లి కారు దిగింది. “మీ మధ్య తపాలా మోయడం ఇక నా వల్ల కాదు. ఏడ్చేదేదో ఎదురెదురుగా నిలబడి ఏడవండి” అని అవతల స్టూలు మీద కూర్చుంది.

తండ్రి మొహం కందగడ్డయింది. “స్పానర్ పట్టుకోవడం నేర్పినవాణ్ణి, నేను కెలికానా? నేనా?”

“అయితే నువ్వే బిగించు, నాన్నా! మళ్లీ వదులైతే నా మీద పడకు.”

నాన్నా అన్న పిలుపు విని చాలా కాలమైంది. ఆయన ఒక్క క్షణం తడబడి, వెంటనే గద్దించాడు. “చూస్తావేం? యాక్సిలరేటర్ తొక్కు!”

కూలెంట్ నింపి, మర బిగించేముందు గాలి తీయడం ఇద్దరు చేసే పని. ఆమె సీట్లో కూర్చుని తొక్కింది. ఆయన మర దగ్గర బుడగలు చూస్తూ “మెల్లగా! ఎద్దులా తొక్కకు!” అని అరిచాడు. “తొక్కమన్నావుగా!” అని ఆమె అరిచింది. బుడగలు ఆగాయి. ఆమె దిగి వచ్చేసరికి స్క్రూడ్రైవర్ గాట్లోంచి జారిపోతోంది. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

“చెయ్యి తియ్!”

“తియ్యను. మర విరిగితే ఎక్కడ దొరుకుతుంది?”

ఆయన విదిలించుకోలేదు. రెండు చేతులూ కలిసి మర బిగించాయి.

ఇంజన్ ఆపి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ కూడా చాలాసేపు పోట్లాడుకున్నారు.

“ఇంకోసారి వదులైతే నేనే వచ్చి బిగిస్తా. నువ్వు ముట్టుకోకు.”

“రా. కానీ నా షెడ్డులో అరవకు.”

“అరుస్తా!”

మర గట్టిగా పడింది. ఇక వదులయ్యే ప్రసక్తి లేదు, ఆయన వచ్చే ప్రసక్తీ లేదు. ఆమెకు మళ్లీ కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

వాళ్లు వెనక్కి వచ్చేసరికి తల్లి తనే బానెట్ మూసేసి స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. నెయిల్ కట్టర్ రేకును రుమాలుతో తుడుస్తోంది. కూతురు కిటికీలోంచి వంగేసరికి గబుక్కున దాచబోయింది, రుమాలు మడత విడిపోయింది.

ఆ తెల్ల రుమాలు నిండా పచ్చటి మరకలే.