సీసీ కెమెరా పెద్దమ్మ

ఆమె భయం ఒక్కటే. నెలాఖరులోపు నాలుగిళ్ళు కుదరకపోతే మూడేళ్ళ పాపను ఎవరింట్లోనో వదిలి, మళ్ళీ ప్యాకింగ్ పనికి పోవాలి. పోయినసారి అలా వదిలినప్పుడు పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

ఇళ్ళు శుభ్రం చేసే పని సొంతంగా మొదలుపెట్టింది. చీపురుంది, బకెట్టుంది, ఒంట్లో ఓపికుంది. పిలిచేవాళ్ళే లేరు.

పైసా ఖర్చులేని ఉపాయాలన్నీ అయిపోయాయి. పాత నోటుబుక్కు కాగితాల మీద ఫోన్ నంబరు రాసి, ఎదురు అపార్టుమెంట్లో ప్రతి తలుపు కిందా తోసింది. వాచ్‌మన్ వాటిని ఊడ్చి పారేశాడు. అదీ సరిగ్గా ఊడవలేదు. ఫోన్ గ్రూపులో మెసేజీ పెడితే ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు మొగుడే.

"అలా కాదు వదినా," అంది ఆడపడుచు. "ఒక్కరికి ఊరికే చేసిపెట్టు. వాళ్ళు బాగుందంటే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు."

"ఎవరికి చెయ్యను?"

"సీసీ కెమెరా పెద్దమ్మకి."

ఆ పెద్దమ్మ దగ్గర ఏ పనిమనిషీ వారం నిలవలేదు.

"ఆవిడ నన్ను ఉతికి ఆరేస్తుంది."

"ఉతికితే ఉతకనీ. ఆవిడ నోట 'పర్వాలేదు' అన్న మాట వచ్చిందా, అపార్టుమెంటంతా నీదే."

పొద్దున పదింటికి పాపను వెంటబెట్టుకుని, కిక్కురుమనకూడదని వందసార్లు చెప్పి, ఆ తలుపు తట్టింది.

"చెప్పులు గోడవారగా విడువు. దారికడ్డంగా విడిస్తే విసిరేస్తాను," అంది పెద్దమ్మ తలుపు తీస్తూనే.

లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పట్టపగలే చీకటి.

"లైటు కావాలంటే నువ్వే వేసుకో," అని ఆవిడ గోడవైపు తిరిగి కుర్చీలో కూర్చుంది. తల ఒక్కసారీ తిప్పలేదు. తప్పు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

"మంచం కింద మూల వదిలేశావు."

"బకెట్లో నీళ్ళు మార్చు. మురికి కంపు."

"నీ వెనక పిల్ల బిస్కెట్టు నములుతోంది. పొడి రాలిందా, నీ చేతే తుడిపిస్తాను."

పాప నమలడం ఆపేసింది. ఉబ్బిన బుగ్గ ఉబ్బినట్టే ఉండిపోయింది.

అంతా అయ్యాక పెద్దమ్మ లేచి తలుపు పై అంచున వేలు రాసింది. ఏమీ దొరకలేదు. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే, వంటింటి దారిలో స్టూలు ఆవిడ మోకాలికి ఠంగున తగిలింది.

"జానెడు జరిపావు," అంది పెద్దమ్మ పళ్ళు బిగించి. "నా ఇంట్లో వస్తువు జరగకూడదు. జరిగిందా, నువ్వు బయటికి జరుగుతావు."

"పొరపాటైందండీ పెద్దమ్మగారూ. ఇంకొక్కసారి చేసి చూపిస్తాను."

"రేపు రా. రేపొక్కరోజే."

మర్నాడు ఆమె పాప దగ్గర సుద్దముక్క అడిగి పట్టుకెళ్ళింది. స్టూలుకీ, కుర్చీకీ, నీళ్ళ బిందెకీ అడుగున చుట్టూ గీత గీసింది. జరిపి తుడిచింది. తిరిగి అదే గీతలో పెట్టింది. ఆఖర్న గీతలు చెరిపేసింది.

పెద్దమ్మ చరచరా ఇల్లంతా ఒక చుట్టు తిరిగింది. ఎక్కడా ఆగలేదు.

"పర్వాలేదు," అంది. "ఆ పిల్లకి ఇంకో బిస్కెట్టు పెట్టు. ఈసారి నమలనీ," అంది.

సాయంత్రానికి మూడు తలుపులు తెరుచుకుని ఆమెను పిలిచాయి. నాలుగోది మర్నాడు. పాప ఇప్పుడు సుద్దముక్క పట్టుకుని అమ్మ వెంటే తిరుగుతోంది.

పనులు పెరిగి, పెద్దమ్మ ఇంటికి వారానికి ఒక్కరోజే వెళ్ళగలుగుతోంది. ఆమె బెంగ ఇప్పుడదే. మీరెప్పుడైనా ఆ మెట్లెక్కితే రెండో అంతస్తులో తలుపు తట్టి ఆవిడ ఎలా ఉన్నారో ఒకసారి కనుక్కోండి, కానీ తలుపు తీయగానే ఊరికే నవ్వి నిలబడకుండా ముందు మీరెవరో నోటితో చెప్పండి, ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు.