రెండు గంటల మోత

కొత్త టీవీకి ఎర్ర, తెల్ల వైర్లు పెట్టే సాకెట్లే లేవు. మెకానిక్ భూపేష్ మధ్యలో చిన్న కన్వర్టరు ఒకటి పెట్టి, టీవీ సౌండును పాత స్టీరియోకు కలిపినాడు. పెద్ద బాక్సులు రెండూ ఒక్కసారిగా పలికినాయి.

"ఇంగా పెంచప్పా," అనింది ఆ ఇంటామె సుబ్బరత్నమ్మ.

పెంచినాడు. కిటికీ అద్దాలు అదిరినాయి.

"ఇంగా."

అతను సౌండు ఆపేసి, వైరు బిగిస్తా, "ఈయమ్మకు శానా చెవుడున్నట్టుండాది," అని గొణుక్కున్నాడు.

"నా చెవులు బాగుండాయి. అదే నా బాధ," అనింది ఆమె వెనకనుంచి.

భూపేష్ సిగ్గుతో తల దించుకున్నాడు.

రెండయింది. ఊరి పక్కన సున్నపురాయి గనిలో, రాళ్లు పేల్చే ముందు కూసే సైరను కూసింది. ఆమె రిమోట్ లాక్కుంది.

"పోయినేడు మా ఆయన ఆ గని పేలుడులోనే పోయినాడప్పా. దినామూ రెండింటికి మళ్లా సస్తాండాడు."

సౌండు చివరిదాకా పెంచి, టీవీ వైపు చూడకుండా మంచం అంచున కూర్చుంది. తెర మీద ఎవరో చీరల గురించి అరుస్తాండారు. ఆ అరుపు తప్ప ఇంకేమీ వినపడలేదు.

కాసేపటికి భూపేష్ సౌండు తగ్గించినాడు. పని కుదిరిందని అతనికి సంతోషంగా ఉంది.

"పేలుడు ఇనపడిందాక్కా?"

"లేదప్పా."

నేల మీది నాపబండల నుంచి ఆమె పాదాలు రెండూ మంచం పైకి లాక్కుంది.

"కాళ్లకు తెలిసిపాయ."