నారింజ పలక

ప్యాంటు మోకాళ్లు తడిసిపోతున్నా లేవకుండా, కోచ్ స్టెన్‌రూడ్ ఈతకొలను గట్టు మీద వంగి కూర్చున్నాడు. చేతిలో అంకెల పలక.

నీళ్లలో మార్గో ఈదుతోంది. మైలు రేసు. ఈ గోడకూ ఆ గోడకూ మధ్య అరవై ఆరు విడతలు.

అంత దూరం ఈదేవాళ్లకు లెక్క నిలవదు. అందుకే మలుపు దగ్గర ఒకరు కూర్చుని, మూడు, ఐదు, ఏడు అంటూ రెండేసి అంకెలు పెంచుతూ పలకను నీళ్లలో ముంచి చూపించాలి. ఆఖరి విడతకు అంకె ఉండదు. పలక నారింజ రంగు వైపు తిప్పుతారు. అది కనిపిస్తే ఇక అయిపోయినట్టే.

ఇది జట్టులో పిల్లలు చేసే పని. కానీ పొద్దున్నే మార్గో వచ్చి మొండికేసింది.

"నా లెక్క మీరే పెట్టాలి కోచ్."

"నా మోకాళ్ల సంగతి తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే. అయినా మీరే."

మిన్నెసోటా మంచులో ఈ చిన్న కాలేజీకి వచ్చి ముప్పై మూడేళ్లు. ఈతకూ డైవింగ్‌కూ ఆయనొక్కడే గురువు. ఇవాళ ఆయన ఆఖరి పోటీ. మైలు రేసును పిల్లలే పట్టుబట్టి చివర పెట్టించారు.

రేపు తాళాలు అప్పజెప్పాలి.

గ్యాలరీలో మెట్ల నిండా పాత శిష్యులే. బట్టతలలు, పొట్టలు, ఒళ్లో పసిపిల్లలు. ఎవరో చెయ్యి ఊపారు. చూస్తే డ్వేన్. డైవింగ్ బల్ల ఎక్కి దిగడానికి భయపడి ఏడ్చిన డ్వేన్!

కోచ్ కూడా చెయ్యి ఊపాడు. ఆ సంతోషంలో పలక తిప్పడం మరిచి, అరవై ఒకటినే రెండోసారి ముంచాడు.

కాసేపటికి మిగతా అందరి రేసూ ముగిసింది. మార్గో మాత్రం అవతలి గోడ తాకి, మళ్లీ ఇటు తిరిగింది.

"అయ్యో, నా బుర్ర మండా!"

గబగబా నారింజ వైపు తిప్పి ముంచాడు. ఆమె తిరిగి అవతలి గోడ చేరేసరికి రెండు విడతలు ఎక్కువ.

మార్గో అవతల గట్టెక్కి, ఒగరుస్తూ ఆయన దగ్గరికొచ్చింది.

"తప్పు నాదే తల్లీ. లెక్క చెడగొట్టాను."

"తెలుసు కోచ్. నేనూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను."

"మరి ఆగలేదేం?"

"మీ ఆఖరి రేసు. ఇంకో రెండు విడతలైతే నాకేం బరువు?"

కోచ్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

పైనుంచి డ్వేన్ గొంతు గట్టిగా వినిపించింది.

"కోచ్! లెక్క తప్పినవాళ్లకి శిక్ష ఏంటో గుర్తుందా?"

గ్యాలరీ అంతా ఘొల్లుమంది. ఎన్ని విడతలు తప్పితే అన్ని విడతలూ ఒంటి మీది బట్టలతోనే ఈదాలి. ఆ నియమం పెట్టింది ఈయనే.

"నన్ను కోటుతో సహా దింపారు! ఆ కోటు మళ్లీ పనికొస్తే ఒట్టు!" అన్నాడు డ్వేన్.

"అది అంతకుముందు మాత్రం ఏం పనికొచ్చేదిరా!"

అంటూనే కోచ్ బూట్లు విప్పాడు. మెడలోని విజిల్ తీసి బూటులో పెట్టాడు. అవతలి గట్టుకు నడిచి, చొక్కా ప్యాంటుతోనే నీళ్లలోకి దిగాడు.

ఇటు వచ్చి, అటు వెళ్లాలి. అంతే.

ఆయన కూర్చున్న చోటే, పలక పట్టుకుని మార్గో కూర్చుంది.

కోచ్ నెమ్మదిగా ఈదాడు. చొక్కా వీపు మీద ఉబ్బింది. నీళ్లు గోరువెచ్చగా, హాయిగా ఉన్నాయి. గోడ దగ్గరికొచ్చింది. ఇక నారింజ రంగు కనబడాలి.

నీళ్లలో మూడు కనిపించింది.

ఆయనకు లెక్క తెలుసు. మెట్ల మీద ఉన్న అందరికీ తెలుసు. డ్వేన్‌కూ తెలుసు.

కోచ్ అవతలి గోడ దాకా వెళ్లి, మళ్లీ ఇటు వచ్చాడు.

ఐదు.

ఆయన మలుపు తిరిగాడు.